అడవి కూరల పుస్తకం కోసం వరంగల్‌కు

ఉదయం ఆరున్నర ప్యాసింజరు డోర్నకల్‌లో బయలుదేరేసరికి నా చేతిలో సంచి, పొరుగున ఉండే రాజవ్వత్త ఒళ్లో తడిగుడ్డ కప్పిన వెదురు బుట్ట ఉన్నాయి. బుట్ట నిండా ఆకులు. ఆమె తెల్లవారక ముందే లేచి, చేను గట్లన్నీ తిరిగి కోసుకొచ్చింది. రాత్రి పడిన జల్లుకు కాళ్లకు మోకాళ్ల దాకా బురద. ప్లాట్‌ఫారం మీది కుళాయి కింద కాళ్లు కడుక్కునే లోపే గార్డు ఈల వేశాడు.

మేము వెళ్తున్నది పుస్తకం కొనడానికి. గట్ల మీద, వాగు ఒడ్డున, అడవిలో ఎవరూ విత్తకుండానే మొలిచే తిండిని గుర్తుపట్టడం నేర్పే పుస్తకం. అలాంటిది కావాలనుకునేవారు మీలో ఇంకొందరు ఉండవచ్చు. ఏ పుస్తకం కొనాలో తెలుసుకోవడానికి మాకు ఒక పూట పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందు, ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో చెప్పాలి. నేను బడికి పోలేదు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా పనిచేసిన మా నాన్న డ్యూటీ దిగి వచ్చి, పలక మీద అక్షరాలు దిద్దించి, బైబిలు చదివించి నాకు చదువు చెప్పాడు. ఆ మేలు తలచుకోని రోజు లేదు. పెళ్లయి రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టాక, బుధవారం మధ్యాహ్నం మా వరండాలో స్త్రీల ప్రార్థన జరిగేది. ప్రార్థన ముగిశాక ఏదో ఒకటి చదివి వినిపించేదాన్ని. ప్రార్థనకు రానివాళ్లు కూడా చదువు వినడానికి వచ్చి మెట్ల మీద కూర్చునేవారు. లైను అవతలి గుడిసెల్లో ఉండే రాజవ్వత్త కోడలు సుగుణ అలా వచ్చేదే.

ఈ ఏడు తొలి వానలకు మా బంధువులామె ఒక పాత పుస్తకం ఇచ్చింది. అట్ట లేదు, మొదటి పుటలు లేవు. అడవిలో దొరికే కూరల గురించి ఉంది. కూలి దొరకని వానకాలంలో పనికొస్తుందని సంతోషపడి చదివాను. అందులో అడవి కంద అని ఒకటి ఉంది. మచ్చల మచ్చల కాడ, గొడుగులా విచ్చుకునే ఒకే ఆకు, అడుగున గుండ్రటి గడ్డ అని చక్కగా వర్ణించారు. చివర ‘దీనిని మామూలు కందలాగానే వండుకోవాలి’ అని ఉంది. అలాగే చదివాను.

మామూలు కందగడ్డను మేము ఎలా వండుతాం? పొయ్యిలో నిప్పులు పక్కకు లాగి అందులో పెడతాం. సుగుణ అదే చేసింది. వాగు ఒడ్డున ఆ గొడుగు ఆకును గుర్తుపట్టి, గడ్డను తవ్వి, కాల్చి తిన్నది. పిల్లలకు పెట్టేలోపే ఆమె నాలుక మొద్దుబారి, గొంతు వాచి, మాట పడిపోయింది. దవాఖానలో రెండు రోజులు ఉంచారు. పిల్లల నోటికి ఆ గడ్డ అందకుండా కాపాడిన దేవునికి నేను ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటూనే ఉన్నాను.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ మరుసటి బుధవారం మెట్ల మీద ఎవరూ లేరు. ఆపై బుధవారం కూడా లేరు. సుగుణ ఎదురైతే “బాగున్నవా వదినా” అని ఆగకుండా వెళ్లిపోయేది. పాలకుర్తిలో కూతురి దగ్గరికి నాట్లకు పోయిన రాజవ్వత్త నెల తర్వాత వచ్చి, సంగతి విని, నేరుగా మా ఇంటికే వచ్చింది.

“దురదగడ్డను నిప్పుల్ల ఎవలన్న కాలుస్తరా? గా పుస్తకం అబద్దం జెప్పింది. పుస్తకాలు అమ్మేటోని మొకం నేను జూడాలె.”

ఆమెకు తెలియని ఆకు మా చుట్టుపక్కల లేదు. కానీ కళ్లకు పొర కమ్ముతోంది. పడుచువాళ్లకు నాలుగైదు కూరలకు మించి తెలియవు. ఆమె చూపు పూర్తిగా పోకముందే నమ్మదగిన పుస్తకం ఒకటి సంపాదించి, ఆమె ఎదుట చదివి, ఆ మెట్ల మీదికి వాళ్లను మళ్లీ రప్పించుకోవాలి. అది జరగకపోతే ఇక నేను ఎవరికీ ఏదీ చదివి వినిపించలేను. ఇదీ నా ప్రయాణం.

గుండ్రాతిమడుగు దాటాక ఎదుటి సీటులో సైకిల్ టైరు పట్టుకొని కూర్చున్నాయన బుట్టలోకి తొంగిచూశాడు.

“ఏందవ్వా, మేకను ఇంట్ల ఇడిసిపెట్టి మేత తీస్కపోతానవా?”

“మేక నా ఎదురుంగనే కూసున్నది గదా బిడ్డా,” అంది రాజవ్వత్త.

పెట్టెలో అందరూ నవ్వారు, ఆయన కూడా. మహబూబాబాద్‌లో ఒక టీచరమ్మ ఎక్కింది. బుట్టలో గునుగు ఆకు చూసి, “ఇది మా పెరట్లో పీకి పారేస్తం గదా, తింటరా దీన్ని?” అని అడిగింది. రాజవ్వత్త ఒక రెమ్మ తీసి ఆమె చేతిలో పెట్టింది. “పువ్వు వస్తే బతుకమ్మకు. రాకముందు మా కుండల కూర. పప్పుల ఏసి చూడు.” టీచరమ్మ ఆ రెమ్మను రుమాలులో చుట్టుకొంది. నేనూ అడిగాను, ఇలాంటివి నేర్పే పుస్తకం ఎక్కడైనా చూశారా అని. “పుస్తకమా? ఆకులకా?” అని ఆమె ఆలోచనలో పడింది. నెక్కొండలో దిగేటప్పుడు, “దొరికితే నాకు గూడ పేరు రాసి పంపు చెల్లె,” అంది. చిరునామా ఇవ్వడం మరిచిపోయింది. ఆమె ఇది చదివితే బాగుండును.

వరంగల్‌లో దిగేసరికి తొమ్మిది నలభై. ఇరవై నిమిషాలు ఆలస్యం. స్టేషన్ బయట ఇడ్లీ, చాయ్ తీసుకున్నాం. రాజవ్వత్త చట్నీ వాసన చూసి, “పుట్నాలే, ఫికర్ లేదు,” అని తేల్చాక తిన్నాం. దుకాణాలు తెరిచేది పదిన్నరకు. మీరు వెళ్తే ఆ తర్వాతి బండికే వెళ్లండి, ఊరికే నిలబడే పని ఉండదు.

స్టేషన్ రోడ్డులో మొదటి దుకాణం పెద్దదే. బడి పుస్తకాల కోసం వచ్చినవాళ్లు ఎగబడుతున్నారు. మా వంతు వచ్చి నేను అడగ్గానే యజమాని రెండు పుస్తకాలు తెచ్చి పెట్టాడు. మొదటిది ఇటుకంత మందం, మూలికల పుస్తకం. ఒక పుట తెరిచి మెల్లగా చదివాను. ‘పత్రములు అభిముఖములు, అండాకారములు, రోమయుతములు.’

రాజవ్వత్త నా వైపు, యజమాని వైపు మార్చి మార్చి చూసింది. “గిది తెలుగేనా?”

“తెలుగేనమ్మా. పాత పండితుల తెలుగు.”

“ఇది ఏం రోగానికి?”

నేను చూసి చెప్పాను. దగ్గుకు, దద్దురుకు, కడుపునొప్పికి, చెవిపోటుకు, సంతానం లేకపోవడానికి, పాము కాటుకు. 

“అన్నిటికి ఒక్కటే ఆకా? మరి ఆకలికి?”

ఆకలికి అందులో ఏమీ లేదు. ఎండబెట్టి పొడి చేయమని, కషాయం కాచమని ఉంది కానీ, కూరగా తినవచ్చో లేదో ఏ పుటలోనూ లేదు. బొమ్మ ఒక్కటీ లేదు.

రెండోది ఇంగ్లిషు పుస్తకం. నాకు ఇంగ్లిషు కూడబలుక్కోవడం వరకే వచ్చు. కానీ ఆ రంగుల బొమ్మలు చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోయాను. మంచుబిందువులతో సహా అచ్చు వేశారు. ఎర్రటి పండ్ల గుత్తులు, నక్షత్రాల్లాంటి పువ్వులు. ఇలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే చాలు అనిపించింది. రాజవ్వత్త బొమ్మను కళ్లకు ఆనించినంత దగ్గరగా పట్టుకొని చాలాసేపు చూసింది.

“ఈ పండు ఏ ఊర్ల దొరుకుతది సేటూ?”

“ఫారిన్‌ల, అవ్వా.”

“అయితే ఫారిన్ పోయిననాడు కొంటం,” అని మూసి ఇచ్చేసింది.

వెనక నిలబడ్డవాళ్లు తొందరపెడుతున్నారు. యజమాని విసుక్కోవలసిందే. విసుక్కోకుండా, హనుమకొండ చౌరస్తా దగ్గర పాత పుస్తకాలు, కొత్త పుస్తకాలు రెండూ అమ్మే పెద్దాయన ఉన్నాడని, ఇలాంటివి ఆయన దగ్గరే ఉంటాయని చెప్పాడు. తన బేరం పోయినా దారి చూపినాయనకు మేలు జరగాలని మనసులో అనుకున్నాను.

సిటీ బస్సులో హనుమకొండకు అరగంట. చౌరస్తాలో దిగి అడిగితే మూడో మనిషే చూపించాడు. సందులో నాలుగు మెట్లు ఎక్కాలి. లోపల చీకటి, పాత కాగితం వాసన. కళ్లద్దాలకు దారం కట్టుకున్న పెద్దాయన “రండమ్మా, కూర్చోండి” అని రెండు ముక్కాలిపీటలు జరిపాడు. మాటతీరు వినగానే ఆయన మా వైపువాడు కాదని తెలిసింది. కృష్ణా నది అవతలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లయిందట.

ఏం కావాలో చెప్పాను. ఎందుకు కావాలో కూడా చెప్పాను. సుగుణ సంగతి దాచలేదు. ఆయన చదువుతున్న పేపరు పక్కన పెట్టాడు.

“కందని కాల్చుకు తినడమేంటండీ? మా అమ్మ చేతులకి నూనె రాసుకోకుండా కందని ముట్టుకునేది కాదు. చింతపండు పులుసు పోసి మెత్తగా ఉడకబెట్టాలి. మామూలుగా వండడమంటే అదేనండి.”

నాకు అర్థం కాలేదు. “కందగడ్డను పులుసులోనా? ఎర్రటి తోలు ఉంటుంది, తియ్యగా ఉంటుంది, నిప్పుల్లో కాలుస్తాం, అదే కదండీ కందగడ్డ?”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. “అది చిలకడదుంప అమ్మా. మా వైపు కంద అంటే వేరు. ఏనుగు పాదమంత గడ్డ, ఊరికే దురద.”

“చిలకడ దుంపా?” అంది రాజవ్వత్త. “చిలుకలు తవ్వుకొని తింటయా మీ దిక్కు?”

ఆయన ఈసారి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఆ అట్టలేని పుస్తకం రాసినాయన తన ఊరి వంటింటిని మనసులో పెట్టుకొని ‘మామూలు’ అన్నాడు. నేను మా పొయ్యిని మనసులో పెట్టుకొని చదివాను. రెండూ నిజమే, మధ్యలో సుగుణ గొంతు వాచింది. మొదటి పుటలు ఉంటే ఆయన ఎక్కడివాడో తెలిసేది. తెలియనప్పుడు, ఈ మాటకు అర్థమేమిటో నాకు తెలియదని చెప్పాల్సింది. వినేవాళ్లు నన్ను నమ్మి కూర్చున్నారు కాబట్టి నాకూ అంతా తెలిసినట్టే చదివాను.

“అత్తా, పుస్తకం అబద్ధం చెప్పలేదు,” అన్నాను.

“మరి నువ్వు జెప్పినవా?”

“లేదు. తెలియదని చెప్పలేదు.”

ఆమె బుట్ట మీది గుడ్డను సర్దింది. “సరే, తెలిసింది గదా. ఇగ సారును మంచి పుస్తకం తియ్యమను,” అంది.

పన్నెండు దాటింది. ఆయన లోపల వెతుకుతుండగా మేము మెట్ల మీద జొన్నరొట్టె, పుంటికూర తొక్కు విప్పుకున్నాం. ఆయన కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. నేను తల వంచి కళ్లు మూసుకుంటే రాజవ్వత్త రొట్టె చేతిలో పట్టుకొని ఆగింది. కళ్లు తెరిచాక, “నా దిక్కు గూడ చెప్పినవా?” అని అడిగింది. చెప్పానన్నాను. అప్పుడు తిన్నది.

ఆయన తెచ్చినవి మూడు. ఒకదానిలో బొమ్మలు బాగున్నాయి కానీ అన్నీ తోటల్లో పెంచేవే. ఇంకొకదానిలో పేర్లన్నీ ఆయన వైపువే. “ఇది అమ్మితే మళ్లీ ఇంకో సుగుణమ్మ దవాఖానకు పోతుంది,” అని ఆయనే పక్కన పెట్టేశాడు. మూడోది పలచగా ఉంది. ముతక కాగితం, నల్ల గీతల బొమ్మలు. చూపుకు ఆనలేదు. మొదటి పుట తెరిస్తే రాసినాయన బడిపంతులుగా పనిచేసి మానుకున్నాడని, ఏయే జిల్లాలు నడిచాడో, ఏ కులవృత్తులవాళ్లను, ఏ గూడేలవాళ్లను అడిగాడో రాశాడు. ‘నేను తిననివి ఇందులో రాయలేదు’ అని ఒక వాక్యం ఉంది. దాన్ని రెండుసార్లు చదివాను.

అప్పుడు ఒక పని చేశాం. మీకూ ఇదే చెప్తాను. పేరు మూసిపెట్టి, వర్ణన మాత్రమే చదివాను. రాజవ్వత్త విని, బుట్టలోంచి ఆ ఆకు తీసి పుస్తకం పక్కన పెట్టాలి.

‘ఆకులు చిన్నవి, దళసరి. కాడ ఎర్రన. నేలకు అంటుకొని పాకుతుంది. నోట్లో వేసుకుంటే పులుపు.’

గంగవాయిలి తీసి పెట్టింది. పేరు చూస్తే అదే. దాని కిందనే ఉంది: ‘దీనిలాగే పాకే మరొకటి ఉంటుంది. కాడ తుంచి చూడండి. పాలు కారితే అది ఇది కాదు, తినవద్దు.’

రాజవ్వత్త నా మోచేయి పట్టుకుంది. “మల్లోసారి చదువు.” చదివాను. “గీయన నడిచినోడే,” అంది. “కూసోని రాసినోనికి పాల ముచ్చట తెల్వది.”

తుమ్మి, గునుగు, పొన్నగంటి, బోడకాకర వరుసగా వచ్చాయి. ప్రతిదానికీ నాలుగైదు వైపుల పేర్లు, ఏ నెలలో లేతగా ఉంటుందో, ఏ భాగం తినాలో, ఎంతసేపు ఉడకాలో ఉంది. ఆరోసారి ఆమే బుట్టలోంచి ఎలుకచెవి తీసి, ఇది ఉందేమో చూడమంది. ఆకు నిజంగానే ఎలుక చెవిలా ఉంటుంది. పుస్తకమంతా వెతికినా అది లేదు. ఇక కొనవద్దంటుందేమోనని ఆమె ముఖం చూశాను.

“ఆయన మన ఊరికి రాలే, అంతే గదా,” అంది. “వెనక తెల్ల కాయితాలున్నయి, నువ్వు రాయి.”

కంద పుట ఆఖరున తెరిచాను. బొమ్మలో ఆకు, మచ్చల కాడ, గడ్డ విడివిడిగా గీశారు. పేర్లలో ‘దురదగడ్డ’ కూడా ఉంది. వండే విధానం పుట పొడుగునా ఉంది, ఎక్కడా ‘మామూలుగా’ లేదు. మాకు కందగడ్డ అంటే వేరని మాత్రం రాసినాయనకూ తెలిసినట్టు లేదు. పెద్దాయన పెన్సిల్ ఇచ్చాడు. అంచు మీద రాసుకున్నాను: ‘ఇది మన కందగడ్డ కాదు. కాల్చవద్దు.’

వెల తొమ్మిది రూపాయలు. ఆయన ఎనిమిది తీసుకొని, గునుగు రెమ్మలు నాలుగు ఇవ్వమన్నాడు. రాజవ్వత్త దోసెడు ఇచ్చి, ఎలా వండాలో మొదటి నుంచి చివరి దాకా, ఉప్పుతో సహా చెప్పింది.

తిరుగు బండి నాలుగుంబావుకు. కిటికీ దగ్గర చోటు దొరకలేదు, తలుపు పక్కన నేల మీద కూర్చున్నాం. చింతలపల్లి దాటాక రాజవ్వత్త చదవమంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు దగ్గరికి జరిగారు. నేను ఇదివరకులా గడగడా చదవలేదు. తెలియని మాట దగ్గర ఆగి, “ఇది నాకు తెలియదు” అన్నాను. మొదటిసారి అనడానికి సిగ్గనిపించింది. ఒకామె, “మా దగ్గర గా మాటంటే లేత చిగురు,” అని చెప్పింది. ఇంకొకామె కాదంది. ఇద్దరూ కేసముద్రం దాకా వాదించుకున్నారు. నేను ఇద్దరి మాటా పెన్సిల్‌తో రాసుకున్నాను. మంచి పుస్తకం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నాకు ఆ పెట్టె గుర్తుకొస్తుంది. చదివేవాళ్ల నోరు మూయించేది కాదు, పదిమందిని మాట్లాడించేది కొనుక్కోండి.

డోర్నకల్‌లో దిగేసరికి ఏడు. ఇంకా వెలుతురుంది. సుగుణ అత్తను తీసుకుపోవడానికి వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి చీర కొంగు సర్దుకుంది. రాజవ్వత్త నా చేతిలోంచి పుస్తకం తీసుకొని కోడలికి ఇచ్చింది. సుగుణకు చదువు రాదు. పుటలు ఒక్కొక్కటే తిప్పి, కంద బొమ్మ దగ్గర ఆగి, మచ్చల కాడ మీద వేలు పెట్టింది.

“గిదే.”

“అదే సుగుణా,” అన్నాను. “ఆ రోజు ఎలా వండాలో నాకు తెలియదు. తెలిసినట్టు చదివాను. నా తప్పు.”

ఆమె వేలు జరిపి, అంచు మీది నా పెన్సిల్ రాత చూపించి అదేమిటని అడిగింది. చదివి చెప్పాను. పుస్తకం మూసి నాకే ఇచ్చి, అత్త చేతిలోని బుట్ట అందుకుంది.

“బుధవారం వస్త వదినా,” అంది. “తిననైతే తినను గని, వింట.”